డబ్లిన్ నది ఒడ్డున, గంజి గుర్తొచ్చిన చోట

మా అన్న కొడుకు ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌లో ఎం.ఎస్. చదువుతున్నాడు. వాడి దగ్గరికి ఐదు రోజులకని పోయినాను. చూడాల్సిన చోట్లన్నీ వాడే రాసిపెట్టాడు గానీ, నన్ను కట్టిపడేసింది మాత్రం ఆ జాబితాలో లేదు.

రెండో రోజు లువాస్ ట్రామ్‌లో జార్జెస్ డాక్ స్టాప్‌లో దిగి లిఫీ నది వైపు నడుస్తున్నాం. సన్నగా తుంపర. కస్టమ్ హౌస్ కీ అనే ఒడ్డు వీధిలో, ఆఫీసులకు పోయే జనం మధ్య, కొందరు మనుషులు వేరుగా కనిపించారు. బక్కచిక్కి, గుడ్డలు పీలికలై, కాళ్లీడ్చుకుంటూ ఓడరేవుకి పోతున్నారు. దగ్గరికి పోతే కంచు బొమ్మలు. పీఠం లేదు, చుట్టూ కంచె లేదు. మనం నడిచే రాళ్ల మీదే వాళ్లూ నిలబడ్డారు. ఒకాయన బిడ్డను మెడ మీద వేసుకున్నాడు, మందలో నడవలేని మేకపిల్లను మా వైపు కాపరులు వేసుకున్నట్టు. ఆ బిడ్డ చేతులు వేలాడుతున్నాయి. వెనకాల ఒక బక్క కుక్క.

రోవన్ గిలెస్పీ అనే శిల్పి చేసిన ఈ కరువు శిల్పాలను 1997లో ఇక్కడ పెట్టారు. ఈ చోటికీ ఒక లెక్కుంది. 1846 మార్చి 17న, ఐర్లండ్ వాళ్ల సెయింట్ పాట్రిక్ పండగ నాడు, ఈ రేవు నుంచే పర్సివరెన్స్ అనే ఓడ 210 మందితో న్యూయార్క్‌కు బయల్దేరింది. అంతకు ముందటేడు బంగాళాదుంపకు తెగులు తగిలింది. పేదల కడుపు నింపే పంట అదొక్కటే. 1852 దాకా సాగిన ఆ కరువులో సుమారు పది లక్షల మంది చనిపోయారు, అంతకు మించి దేశం విడిచారు. ధాన్యం, పశువులు మాత్రం ఓడలెక్కి బయటికి పోతూనే ఉన్నాయి. 1847 వేసవిలో సర్కారు సూప్ కేంద్రాల్లో రోజుకి 30 లక్షల మంది దాకా తిన్నారు. ఆ కేంద్రాలను కూడా కొన్ని నెలలకే మూసేశారు. అది చదివినప్పుడు నాకు కడుపులో దేవినట్టయింది.

పక్కనే జీనీ జాన్‌స్టన్ ఓడ. పాతదాని నమూనాలో కట్టిందే గానీ తప్పక ఎక్కండి. అసలు ఓడ 1848 నుంచి 1855 దాకా 16 సార్లు అట్లాంటిక్ దాటింది, ప్రయాణికుల్లో ఒక్కరూ చనిపోలేదు. జనం పిట్టల్లా రాలిపోతున్న కాలంలో అది మామూలు సంగతి కాదు. గైడ్‌తోనే లోపలికి పంపుతారు. మాకు దొరికిన అమ్మాయి నిదానంగా, మనసు పెట్టి చెప్పింది. నిచ్చెన లాంటి మెట్లు దిగాలి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు కష్టం.

ఎదురుగా పాత గిడ్డంగిలో ఉన్న ఎపిక్ వలసల మ్యూజియం బాగుంది. చేతికి ఒక పాస్‌పోర్ట్ పుస్తకం ఇస్తారు, గదిగదికీ ముద్ర వేసుకుంటూ పోవచ్చు. పిల్లలకు సరదా. తెరలు, శబ్దాలు మాత్రం ఎక్కువైనాయి నాకు. టికెట్ కూడా మన లెక్కలో ఖరీదే. రెండింట్లో ఒకటే చూడగలిగితే నేను ఓడకే ఓటేస్తాను. శిల్పాలకైతే టికెట్టూ లేదు, వేళా లేదు. పొద్దున ఎనిమిది లోపల పోండి, తర్వాత ఫోటోల వాళ్లు ఎక్కువ.

బస మాత్రం దెబ్బ కొట్టింది. రైల్వే స్టేషన్ దగ్గర ఒక గెస్ట్‌హౌస్ తీసుకున్నా. ఫోటోల్లో చూపిన గది వేరు, ఇచ్చింది వేరు. కిటికీ మూసుకోదు, హీటర్ రాత్రి పదికే ఆగిపోయింది. రెండో రాత్రికి మా వాడి గదిలోనే చాప పరుచుకున్నా. లువాస్‌కి మాత్రం వంక పెట్టలేను. లీప్ కార్డు, అంటే అక్కడి ప్రయాణ కార్డు, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ తాకించడం మరవద్దు, అంతే.

వెళ్లే ముందు రోజు పొద్దున మళ్లీ అక్కడికే పోదామన్నాను. పార్ట్‌టైమ్ పనికి మా వాడు రోజూ ఆ దారినే పోతాడు, చెవుల్లో పాటలు పెట్టుకుని. ఆ రోజు అవి తీసేశాడు. వానకు తడిసి కంచు నల్లగా మెరుస్తోంది. ఒకామె రెండు చేతులతో గుండెకు అదుముకున్న మూటను తాకి చూశాను. చల్లగా ఉంది, గుడ్డ మడతలు వేలికి తెలుస్తున్నాయి.

"అత్తా, అనంతపురం కరువులో అవ్వ గంజి కేంద్రం ముందర నిలబడిందన్నావే, అప్పుడు ఎన్నేళ్లు?"

"ఎనిమిది. తమ్ముణ్ణి ఎత్తుకుని నిలబడేదంట."

వాడు ఆ మెడ మీది బిడ్డనే చూస్తూ ఉండిపోయాడు.