నాలుగేళ్లు డ్రోన్‌తో స్థలాలు చూశాక

బ్యాంకులు అప్పు ఇచ్చే ముందు ఇళ్లకు, స్థలాలకు విలువ కట్టి నివేదిక ఇవ్వడం నా పని. 2021 డ్రోన్ నిబంధనలు వచ్చాక, రెండు కిలోల లోపు బరువుండే ఒకటి కొన్నాను. ఇలా వృత్తికి వాడాలంటే పైలట్ ధ్రువపత్రం కావాలి కాబట్టి అదీ తీసుకున్నాను.

వంద మీటర్ల ఎత్తు నుంచి తీస్తే నా కెమెరా చిత్రంలో ఒక్కో చుక్క (పిక్సెల్) నేల మీద సుమారు మూడు సెంటీమీటర్లు. పొలం గట్టు, ప్రహరీ నీడ, పక్కవాళ్లు ముందుకు జరిపిన రేకుల షెడ్డు స్పష్టంగా కనిపిస్తాయి. ఎకరాలకొద్దీ భూమిని అరగంటలో చూడగలగడం నిజంగా గొప్ప సౌకర్యం.

అయితే ఆ స్పష్టతను చూసి కొలతనూ నమ్మేయకండి. మొదట్లో నేను నమ్మాను. నాలుగు వందల గజాల ప్లాటు చిత్రాన్ని లేఅవుట్ నక్షా మీద పరిస్తే మొత్తం ఒక పక్కకు మూడు మీటర్లు జరిగి కూర్చుంది. అప్పటి నుంచి హద్దురాళ్ల దగ్గర సున్నంతో ప్లస్ గుర్తులు గీసి, వాటి స్థానాలు సర్వేయరు పరికరంతో తీసుకున్నాకే ఎగరేస్తున్నాను. వేపచెట్టు కింద ఉన్న రాయికి మాత్రం ఇప్పటికీ టేపు పట్టాల్సిందే. గోడలో చెమ్మ, స్లాబు పగుళ్లు, దస్తావేజుల్లో తగాదా పై నుంచి తెలియవు.

హైదరాబాద్‌లో అసలు ఇబ్బంది అనుమతి. బేగంపేట, శంషాబాద్ విమానాశ్రయాల చుట్టూ, హకీంపేట, దుండిగల్ వైమానిక స్థావరాల చుట్టూ ఆంక్షలు ఉన్నాయి. హకీంపేట దగ్గరి అల్వాల్‌లో పని ఒప్పుకునే ముందు, డ్రోన్ ఎక్కడ ఎగరవచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపు చూడండి.

ఇన్ని చెప్పినా, డ్రోన్‌ను నేను వదలలేను. కారణం చెరువులు. శివారులో ఒక చెరువు పక్క స్థలాన్ని ఏప్రిల్‌లో చిత్రించాను. ఎండిన గడ్డి, చదునైన నేల, మంచి రోడ్డు. పశువులు కాస్తున్న పెద్దాయన ఒకరు “వానాకాలం రండి బాబూ, అలుగు పారేటప్పుడు చూద్దురు” అన్నారు. సెప్టెంబరులో వెళ్లి అదే ఎత్తు నుంచి తీశాను. గుర్రపుడెక్క ఒక పచ్చని గీతలా స్థలం మధ్య దాకా వచ్చి ఆగింది. ఇరవై అయిదు ఎకరాలు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి హద్దు) నుంచి ముప్పై మీటర్ల బఫర్, అంటే కట్టడాలు లేని ఖాళీ, వదలాలి. నీటి గీత ఎఫ్‌టీఎల్‌కు రుజువు కాదు, అది అధికారిక నక్షాలోనే చూడాలి. కానీ నక్షా అడగాలన్న అనుమానం నాకు ఆ గీత వల్లే పుట్టింది. అడిగితే సగం స్థలం బఫర్‌లో ఉందని తేలింది. కొనబోతున్న దంపతులు బయానా ఇవ్వకుండా ఆగారు.

ఇప్పుడు చెరువు దగ్గరి స్థలమైతే గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల చిత్రాలు కూడా తిరగేస్తాను. నివేదికలో వేసవి చిత్రం, వానాకాలం చిత్రం పక్కపక్కనే పెడతాను. రెండోది దొరకకపోతే ఆ మాట మొదటి పేజీలోనే రాస్తాను.