ఆర్క్‌నీ యాత్ర: సెల్కీ బొమ్మ ఉన్న సీసా, దాని వెనక సముద్రం

స్కాట్లాండ్‌లో విస్కీ కోసం ఎక్కడికి వెళ్లాలని అడిగితే చాలామంది ఐలా దీవి పేరో స్పేసైడ్ ప్రాంతం పేరో చెప్తారు. నేనైతే స్కాట్లాండ్ ఉత్తర కొసకి అవతలున్న ఆర్క్‌నీ దీవులకి వెళ్లమంటాను. మంచి విస్కీతో పాటు అది పుట్టిన నేల కథలు కూడా అక్కడ నడుస్తూ చూడొచ్చు.

ఇన్వర్‌నెస్ నుంచి థర్సో దాకా రైలు, పక్కనే స్క్రాబ్‌స్టర్ రేవు, అక్కడి నుంచి స్ట్రోమ్‌నెస్‌కి గంటన్నర ఫెర్రీ. వెళ్లేటప్పుడు కుడివైపు డెక్ మీద నిలబడండి. 137 మీటర్ల ఎత్తున్న ఓల్డ్ మ్యాన్ ఆఫ్ హోయ్ రాతి స్తంభం దగ్గరగా కనిపిస్తుంది. పెంట్‌లాండ్ ఫర్త్ జలసంధిలో అలల ఊపు గట్టిగానే ఉంటుంది, కడుపు తిప్పేవాళ్లు ముందే మాత్ర వేసుకోవాలి. టైమ్ తక్కువైతే కిర్క్‌వాల్‌కి విమానాలున్నాయి కానీ ఈ సముద్రాన్ని దాటకుండా ఆర్క్‌నీ చేరితే సగం యాత్ర పోయినట్టే.

బస స్ట్రోమ్‌నెస్‌లోనా, కిర్క్‌వాల్‌లోనా? నేను రెండు చోట్లా ఉన్నాను. స్ట్రోమ్‌నెస్ అందమైన ఊరు, రాతి ఇళ్ల వెనక గోడలు నేరుగా నీళ్లలోకి దిగుతాయి. అయినా కారు లేనివాళ్లకి కిర్క్‌వాల్ మేలు. బస్సులన్నీ అక్కడి నుంచే, విస్కీ తయారుచేసే రెండు పాత డిస్టిలరీలకీ నడిచి వెళ్లొచ్చు, 1137లో మొదలుపెట్టిన సెయింట్ మాగ్నస్ కెథడ్రల్ ఊరి మధ్యలోనే ఉంది. నేను దిగిన గెస్ట్ హౌస్‌లో గది శుభ్రంగా ఉంది కానీ రాత్రి పదికల్లా హీటర్ ఆపేశారు. జూన్ కదా అన్నారు. అక్కడి జూన్ మనకి గట్టి చలికాలమే, బుక్ చేసేటప్పుడే ఆ సంగతి అడగండి. శాకాహారులకి చీజ్, బేర్ అనే పాతకాలపు బార్లీతో చేసే బానక్ రొట్టె దొరుకుతాయి. జొన్నరొట్టె అలవాటైన నోటికి ఆ మోటు రుచి వెంటనే నచ్చుతుంది.

ఆ రెండు డిస్టిలరీల్లో హైలాండ్ పార్క్ 1798 నాటిది, స్కాపా 1885 నాటిది. ఒక్కటే చూసే వీలుంటే హైలాండ్ పార్క్ చూడండి. వాళ్లు వాడే పీట్ దగ్గర్లోని హాబిస్టర్ మూర్ నుంచి వస్తుంది. పీట్ అంటే తడి నేలలో వేల ఏళ్లుగా పేరుకుపోయిన మొక్కల పొర, తవ్వితీసి ఎండబెట్టిన గడ్డల్ని కాల్చి ఆ పొగని విస్కీ బార్లీకి పట్టిస్తారు. ఆర్క్‌నీలో చెట్లు దాదాపు లేవు, అందుకే ఆ పొరలో హెదర్ పొదలే ఎక్కువ. ఐలా విస్కీల్లో వచ్చే అయోడిన్ లాంటి ఘాటు ఇక్కడ ఉండదు, తేనె వాసన కలిసిన పొగ వస్తుంది. స్కాపాది మామూలుగా పొగలేని మెత్తటి రుచి. కానీ దాని ముందున్న స్కాపా ఫ్లో అఖాతం నీళ్లలోనే 1919లో జర్మన్ యుద్ధనౌకల్ని వాటి నావికులే ముంచేశారు. ఆ ఒడ్డున కాసేపు నిలబడటానికైనా వెళ్లండి.

ఇక సింగిల్ కాస్క్ సంగతి, అంటే ఒకే పీపా నుంచి నింపిన విస్కీ. మామూలు సింగిల్ మాల్ట్‌ కోసం ఒకే డిస్టిలరీలోని ఎన్నో పీపాలు కలిపి, ఏటా రుచి మారకుండా చూస్తారు. సింగిల్ కాస్క్‌లో ఆ కలపడం ఉండదు. హాగ్స్‌హెడ్ పీపాలో 250 లీటర్ల దాకా పడుతుంది, అందులో ఏటా సుమారు 2 శాతం ఆవిరైపోతుంది. పదిహేనేళ్లకి రెండు మూడు వందల సీసాలు మిగులుతాయి. అవి అయిపోతే ఆ రుచి మళ్లీ రాదు.

కిర్క్‌వాల్‌లో ఒక కొట్టులో అలాంటి సీసా చూశాను. లేబుల్ మీద సెల్కీ బొమ్మ. ఒడ్డుకొచ్చి సీల్ చర్మం విప్పి మనిషిగా మారే జీవి అది. ఆ చర్మం దాచి ఆమెని పెళ్లాడిన మనిషి కథ దీవులంతా చెప్పుకుంటారు. ఏళ్ల తర్వాత చర్మం దొరగ్గానే ఆమె పిల్లల్ని వదిలి సముద్రంలోకి వెళ్లిపోతుంది. సీసా మీద డిస్టిలరీ పేరు లేదు, ‘ఆర్క్‌నీ’ అని మాత్రమే ఉంది. పీపాలు కొని సొంతంగా సీసాల్లో నింపే కంపెనీల్లో ఈ పద్ధతి మామూలే. కొట్టులో అడగ్గానే రుచి చూపించారు, చుక్కచుక్కగా నీళ్లు కలిపి మళ్లీ చూడమన్నారు. నీళ్లు పడ్డాక ఉప్పు, నారింజ తొక్క, చివర్న సన్నటి పొగ. విస్కీ బాగుంది. కానీ బొమ్మ చూసి డబ్బు పెట్టకండి. ఏ రకం పీపా, ఏ ఏడు తీసింది, ఎన్ని సీసాలు, రంగు కలిపారా అన్నవి అడగండి. స్కాచ్‌లో కారమెల్ రంగు కలపడానికి చట్టం ఒప్పుకుంటుంది.

నన్నడిగితే పొగ విస్కీకి సరైన కథ సెల్కీది కాదు, అసిపాటిల్‌ది. పొయ్యి దగ్గర బూడిదలో పొర్లే ఆ కడగొట్టు కొడుకు మండుతున్న పీట్ కుండతో పడవెక్కి, స్టూర్ వర్మ్ అనే సముద్రసర్పం నోట్లోకి వెళ్తాడు. దాని కాలేయంలో నిప్పు పెట్టి చంపుతాడు. దాని నోట్లోంచి రాలిన పళ్లే ఆర్క్‌నీ, షెట్‌లాండ్, ఫారో దీవులు. కళేబరం ఐస్‌లాండ్, లోపలి మంట అక్కడ ఇంకా ఆరలేదట. పీట్ పొగకి ఇంతకన్నా గొప్ప పుట్టుక ఎవరు రాయగలరు?

కథల కోసం వెళ్లేవాళ్లు గర్‌నెస్ బ్రాక్ (పాతకాలపు గుండ్రటి రాతి కోట) శిథిలాల దగ్గర సగం రోజు పెట్టుకోండి. ఎదురుగా ఐన్‌హాలో దీవి కనిపిస్తుంది. ఫిన్‌ఫోక్ అనే సముద్రజనం నుంచి ఒక రైతు ఆ దీవి చుట్టూ తొమ్మిది వరసలు ఉప్పు చల్లి దాన్ని గెలుచుకున్నాడని చెప్తారు. అటు వెళ్లే బస్సులు తక్కువ, ఆదివారం మరీ తక్కువ, ముందు రోజే టైమింగ్స్ చూసుకోవాలి.

కారు నడిపేవాళ్లు డిస్టిలరీలో ఏమీ తాగకండి. స్కాట్లాండ్ పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తానికి 50 మిల్లీగ్రాముల ఆల్కహాలే, ఇంగ్లండ్ కన్నా తక్కువ. అడిగితే మీ వాటా చిన్న సీసాల్లో పోసిస్తారు. ఇండియాకి సుంకం లేకుండా 2 లీటర్ల దాకా తెచ్చుకోవచ్చు. ఆల్కహాల్ 70 శాతం దాటిన మద్యాన్ని విమానంలో అసలు ఒప్పుకోరు. పీపా నుంచి నీళ్లు కలపకుండా నింపిన విస్కీ సాధారణంగా 60 శాతం అటూఇటూగా ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు, అయినా లేబుల్ మీద అంకె చూసుకుని చెక్‌-ఇన్ బ్యాగులో సర్దండి.