నిజం చెప్పి ఓడిన మాండేల్, మాటిచ్చి గెలిచిన బుష్: ఎవరి దారి మేలు?

యథార్థవాది లోకవిరోధి అంటారు. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమనీ అంటారు. ఏయే సందర్భాల్లో బొంకొచ్చో శుక్రాచార్యుడు బలిచక్రవర్తికి లెక్క చెప్పాడు గానీ, ఆ లెక్కలో ఎన్నికలు లేవు. అమెరికా అధ్యక్ష పదవికి నాలుగేళ్ల తేడాతో పోటీ చేసిన ఇద్దరు చెరో దారి పట్టారు. విషయం మాత్రం ఇద్దరికీ ఒకటే, పన్నులు.

1984 జులై 19న శాన్‌ఫ్రాన్సిస్కోలో డెమొక్రాటిక్ పార్టీ మహాసభ. అప్పటి అధ్యక్షుడు, రిపబ్లికన్ రొనాల్డ్ రేగన్ మీద పోటీకి దిగిన అభ్యర్థి వాల్టర్ మాండేల్ నిజం మాట్లాడుకుందాం అంటూ, రేగన్ పన్నులు పెంచుతాడు, నేనూ పెంచుతాను, ఆయన మీకు చెప్పడు, నేను చెప్పేశాను అన్నాడు. నవంబర్లో 50 రాష్ట్రాల్లో 49 పోయాయి. సొంత రాష్ట్రం మిన్నెసోటా కూడా నాలుగు వేల లోపు ఓట్ల తేడాతో దక్కింది. దానికి తోడు రాజధాని వాషింగ్టన్ డీసీ. రాష్ట్రాల వారీగా లెక్కపెట్టి అధ్యక్షుణ్ణి తేల్చే ఎలక్టోరల్ ఓట్లు రేగన్‌కి 525, ఈయనకి 13.

1988 ఆగస్టు 18న న్యూ ఆర్లీన్స్‌లో రిపబ్లికన్ల వంతు. జార్జ్ బుష్, అంటే తండ్రి బుష్, నా పెదవులు చూసి చదువుకోండి, కొత్త పన్నులు ఉండవు అన్నాడు. పెగ్గీ నూనన్ రాసిన ప్రసంగం అది. ఆ వాక్యం తీసేయడం మంచిదని సలహాదారు రిచర్డ్ డార్మన్ అన్నాడు, ఎవరూ వినలేదు. ఫలితం 40 రాష్ట్రాలు, 426 ఎలక్టోరల్ ఓట్లు.

ఇక్కడితో ఆపితే తీర్పు తేలికే. కానీ బుష్ ఆ మాట ఎందుకన్నాడో తెలియాలంటే ఆరు నెలలు వెనక్కి, న్యూ హ్యాంప్‌షైర్‌కి వెళ్లాలి. రిపబ్లికన్ అభ్యర్థి ఎవరో తేల్చే రాష్ట్రాల వారీ పోటీలు, అంటే ప్రైమరీలు, అప్పుడు నడుస్తున్నాయి. అంతకుముందు అయోవాలో బుష్ మూడో స్థానంలో పడ్డాడు, బాబ్ డోల్ గెలిచాడు. న్యూ హ్యాంప్‌షైర్ డిబేట్‌లో పోటీదారు పీట్ డు పాంట్, పన్నులు పెంచనని రాసి ఉన్న కాగితం డోల్ ముందు పెట్టి సంతకం చేయమన్నాడు. డోల్ చేయలేదు. బుష్ వర్గం టీవీలో డోల్‌ని పన్నుల విషయంలో ఎటూ తేల్చని మనిషిగా చూపించి ఆ ప్రైమరీ గెలిచింది. ఆ కాగితం ఖరీదెంతో బుష్‌కి అప్పుడే తెలిసిపోయింది. నా దృష్టిలో ఈ మొత్తం కథలో అందరికన్నా నిజాయితీగా ఉన్నది డోల్. పెంచుతానని గొప్పలు పోలేదు, పెంచనని ఒట్టూ వేయలేదు. జనం గుర్తుపెట్టుకోని నిజాయితీ అది.

బుష్‌ది ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న కథ అనేయొచ్చా? బడ్జెట్ లోటు పెరిగిపోతోంది, కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) ఉభయ సభలూ డెమొక్రాట్ల చేతిలో ఉన్నాయి. 1990 జూన్ 26న పన్ను ఆదాయం పెంచక తప్పదని బుష్ ఒప్పుకున్నాడు. నేను అబద్ధమాడాను అని ఆయనే చెప్పుకున్నట్టు ఒక న్యూయార్క్ పత్రిక మొదటి పేజీలో హెడ్డింగ్ కొట్టింది. సొంత పార్టీలో న్యూట్ గింగ్రిచ్ తిరుగుబాటు లేవదీశాడు. చివరికి గరిష్ఠ ఆదాయపు పన్ను 28 నుంచి 31 శాతానికి పెరిగింది. 1992 న్యూ హ్యాంప్‌షైర్ ప్రైమరీలో సొంత పార్టీ పోటీదారు ప్యాట్ బ్యూకానన్ ఇదే మాట పట్టుకుని అధ్యక్షుడి మీద 37 శాతం తెచ్చుకున్నాడు. నవంబర్లో దేశమంతటా బుష్‌కి వచ్చిందీ దాదాపు 37 శాతమే, ఓడిపోయాడు.

అయితే రెండు ఓటముల్నీ పన్నుల మాటకే అంటగడితే లెక్క తప్పుతుంది. 1984లో ఆర్థిక వ్యవస్థ పరుగులు పెడుతోంది, మాండేల్ ఏం చెప్పినా రేగన్‌ని పడగొట్టడం కష్టమే. 1992లో నిరుద్యోగం బాధపెడుతోంది, స్వతంత్ర అభ్యర్థి రాస్ పెరో 19 శాతం దాకా ఓట్లు పట్టుకుపోయాడు. నిజం మాండేల్‌ని పూర్తిగా ముంచలేదు, మాట తప్పడం ఒక్కటే బుష్‌ని దించలేదు.

మాండేల్ తప్పు నాకు వేరేచోట కనిపిస్తుంది. ఆయన బిల్లు చూపించాడు గానీ, సరుకేమిటో చెప్పలేదు. లోటు తగ్గితే ఇంటి అప్పు మీద వడ్డీ ఎలా తగ్గుతుందో ఆ రాత్రి వింటున్న కార్మికుడికి అర్థమయ్యేలా చెప్పాల్సింది. పైగా నేను నిజాయితీపరుణ్ణి, వాడు దొంగ అన్న ధోరణి అందులో ఉంది. ఆయన జోస్యం రేగన్ విషయంలో పూర్తిగా ఫలించనూ లేదు. 1986లో రేగన్ గరిష్ఠ పన్నుని 50 నుంచి 28 శాతానికి దించాడు. జోస్యం నిజమైంది ఆ తర్వాత వచ్చిన బుష్ చేతుల్లో.

బుష్ తప్పు 1990లో చేసింది కాదు, 1988లో అన్నది. నిలబెట్టుకోలేవని పక్కనున్నవాళ్లు హెచ్చరిస్తున్న మాటని అంత బిగ్గరగా అనడం.

గెలుపు ఒక్కటే కొలత అయితే బుష్ దారే, ఒక్క ఎన్నికకి. రెండోసారి అదే మాట మెడకి చుట్టుకుంటుంది. ఓటరుగా నన్నడిగితే మాండేల్‌కే వేస్తాను, తిట్టుకుంటూనైనా. ఎందుకంటే ఆయన గెలిచి పన్ను పెంచితే దానికి జనం అనుమతి ఉన్నట్టు. బుష్‌కి ఆ అనుమతి లేదు. మంచి పని చేసి కూడా మోసగాడనిపించుకున్నాడు.

2014లో కెనెడీ లైబ్రరీ ఫౌండేషన్ బుష్‌కి ధైర్యానికి ఇచ్చే అవార్డు ఇచ్చింది. 1990 బడ్జెట్ ఒప్పందానికి. అప్పటికి ఆయనకి 89 ఏళ్లు. మనవరాలు వెళ్లి అందుకుంది.