ఎం.ఎస్. నరాల మంటకు ఏది మేలు: మాత్రలా, గంజాయి మందా?

మా సోంపేట వైపు ఈమధ్య నన్ను ఎక్కువమంది అడుగుతున్న ప్రశ్న ఇది: "ఏటి బాబూ, గంజాయి నూనె రాస్తే మంట తగ్గుతాదట, నిజమేనా?" మా చెల్లికి మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎం.ఎస్.) ఉందని తెలుసు కాబట్టి నన్ను అడుగుతారు. నేను డాక్టర్ని కాను. కానీ చెల్లి కోసం ఈ విషయం బాగా చదివాను, విశాఖలో న్యూరాలజిస్టుల్ని అడిగి తెలుసుకున్నాను.

ముందు ఆ నొప్పి ఎలాంటిదో చెప్పాలి. చీర కుచ్చిళ్లు పాదానికి తగిలినా చెల్లి ఉలిక్కిపడుతుంది. మెడ వంచితే వెన్నులోంచి కాళ్లదాకా కరెంటు పాకుతుంది. మెదడులో, వెన్నుపాములో నరాల మీదుండే మైలిన్ పొర దెబ్బతినడంతో సంకేతాలు తప్పుగా పోయి పుట్టే నొప్పి ఇది. అందుకే పారాసెటమాల్, డైక్లోఫెనాక్ దీని మీద పనిచేయవు.

డాక్టర్లు మొదట రాసేవి గాబాపెంటిన్, ప్రీగాబలిన్, అమిట్రిప్టిలిన్, డ్యులోక్సెటిన్. మొహం మీద మెరుపులా పొడిచే నొప్పికైతే కార్బమజపైన్. ఇవి జిల్లాలో ఎక్కడైనా దొరుకుతాయి. వీటి బలం గురించి కూడా ఉన్నమాట చెప్పాలి. షుగరు వల్ల, సర్పి వల్ల వచ్చే నరాల నొప్పుల మీద వీటిని బాగా పరీక్షించారు, ఎం.ఎస్. మీద జరిగిన పరీక్షలు తక్కువ. మత్తు, తల తిరగడం, పాదాల వాపు, ఒళ్లు పెరగడం ఉంటాయి. అసలే నడక తూలే మనిషికి తల తిరగడం చిన్న విషయం కాదు. మూత్రం ఆగిపోయే ఇబ్బంది ఉన్నవాళ్లకు అమిట్రిప్టిలిన్ దాన్ని ఇంకా పెంచవచ్చు.

రెండోది గంజాయి మొక్క నుంచి తీసిన మందు, సాటివెక్స్ అనే స్ప్రే. నాలుక కింద గానీ, బుగ్గ లోపల గానీ కొట్టుకుంటారు. గంజాయిలో మత్తు పుట్టించేది టీహెచ్‌సీ, మత్తు లేనిది సీబీడీ. ఒక్కో స్ప్రేలో 2.7 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ, 2.5 మిల్లీగ్రాముల సీబీడీ ఉంటాయి. రోజుకు 12 స్ప్రేలు మించకూడదు. ఎం.ఎస్. నరాల నొప్పికి దీన్ని 2005లో కెనడా షరతులతో అనుమతించింది. అదే ఏడాది వచ్చిన ఒక పరీక్షలో 66 మంది పాల్గొన్నారు. పదికి ఇంత అని నొప్పిని కొలిస్తే, స్ప్రే వాడినవాళ్లకు సగటున 2.7 తగ్గింది, మందు లేని ఉత్తి స్ప్రే వాడినవాళ్లకు 1.4 తగ్గింది. అది చదివి నాకూ ఆశ కలిగింది. కానీ 2013లో వచ్చిన పెద్ద పరీక్షలో, 339 మంది మీద 14 వారాలు చూస్తే, మందు వాడినవాళ్లలో 50 శాతానికి, ఉత్తి స్ప్రే వాడినవాళ్లలో 45 శాతానికి గుణం కనిపించింది. అది తేడా అనిపించుకునేంత తేడా కాదు.

ఈ స్ప్రేకి గట్టి ఆధారం ఉన్నది మరోచోట. కాళ్లు కర్రల్లా బిగుసుకుపోయే ఇబ్బందికి. బ్రిటన్‌లో కూడా దాన్ని ఆ బిగుసుకుపోవడానికే, వేరే మందులతో తగ్గనివాళ్లకే, నాలుగు వారాలు వాడి చూడమంటారు. గుణం లేకపోతే ఆపేస్తారు. నరాల మంటకే అయితే నా ఓటు మాత్రలకే. పైగా ఆ స్ప్రే మన మందుల షాపుల్లో దొరకదు.

దొరకనప్పుడు జనం చూపు ఆన్‌లైన్ సీసాల మీద పడుతోంది. ఒకాయన తెచ్చిన సీసా లేబుల్ చదివితే అది హెంప్ అనే, మత్తు దాదాపు లేని గంజాయి రకం గింజల నూనె. వంటకు వాడుకునేది, అందులో టీహెచ్‌సీ, సీబీడీ దాదాపు ఉండవు. విజయ (ఆయుర్వేదంలో గంజాయి పేరు) ఆకు సారంతో చేసిన ఆయుర్వేద మందులు వేరే ఉన్నాయి. అవి వైద్యుడు రాస్తేనే కొనాలి. ఏజెన్సీ నుంచి దొంగచాటుగా వచ్చే ఎండు గంజాయి అయితే ఊసే వద్దు. ఎంత మోతాదో ఎవరికీ తెలియదు, తాగితే ఎం.ఎస్. రోగికి జ్ఞాపకం, నడక ఇంకా దెబ్బతింటాయి. మత్తుమందుల మీద వచ్చిన 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కింద జైలు కూడా. ఇంట్లో మానసిక జబ్బు చరిత్ర ఉన్నవాళ్లకు టీహెచ్‌సీ మరీ ప్రమాదం.

మాత్రలే మేలన్నాను గానీ, కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మా ఉద్దానం ప్రాంతం, అంటే కవిటి, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వైపు వాళ్లు ఒక్క విషయం గట్టిగా పట్టుకోవాలి. గాబాపెంటిన్, ప్రీగాబలిన్ మూత్రపిండాల ద్వారానే బయటికి పోతాయి. కిడ్నీ నీరసించిన మనిషికి మామూలు మోతాదు వేస్తే మందు ఒంట్లో పేరుకుపోయి, మత్తుగా పడి ఉంటారు. ఇంట్లోవాళ్లు జబ్బు ముదిరిందని బెంగపడతారు. మోతాదు తగ్గిస్తే చాలు, వాడుకోవచ్చు. కిడ్నీ బాగా దెబ్బతింటే డ్యులోక్సెటిన్ అసలు వాడరు. అందుకని మొదటి చీటీ రాయించుకోకముందే సీరమ్ క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చేయించి, ఆ రిపోర్టు డాక్టరు బల్ల మీద పెట్టండి. విశాఖ డాక్టరుకు మీది ఉద్దానం అని మీరు చెబితేనే తెలుస్తుంది. మంటకు తాళలేక డైక్లోఫెనాక్ మింగే అలవాటుంటే అదీ చెప్పండి. అది మంట తగ్గించదు సరికదా, కిడ్నీని తినేస్తుంది.

మోతాదు రాత్రిపూట చిన్నగా మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. వారంలోనే గుణం లేదని వదిలేయకండి. ఒకటి పనిచేయకపోతే ఇంకోటి మారుస్తారు. మానాలనుకున్నా ఒక్కసారిగా ఆపకూడదు, డాక్టరు చెప్పినట్టు తగ్గించుకుంటూ రావాలి. చెల్లికి రెండో మందు దగ్గర కుదిరింది. ఇప్పుడు రాత్రిళ్లు కాళ్ల మీద దుప్పటి కప్పుకుని నిద్రపోతోంది.