వెసెక్స్ పుట్టింది ఎక్కడ: దక్షిణ తీరంలోనా, థేమ్స్ ఒడ్డునా?

పాఠకులు పదేపదే అడుగుతున్న ప్రశ్న ఇది: ఇంగ్లండ్‌లో వెస్ట్ శాక్సన్ల పాత రాజ్యమైన వెసెక్స్ విషయంలో, దక్షిణ తీరాన ఓడల్లో దిగి దాన్ని స్థాపించాడనే సెర్డిక్ కథను నమ్మాలా, థేమ్స్ ఎగువ ప్రాంతపు గెవిస్సెలనే జనం నుంచి అది పుట్టిందన్న వాదాన్ని నమ్మాలా?

ఏడాదివారీగా సంఘటనలు రాసిన ఆంగ్లో-శాక్సన్ క్రానికల్ లెక్క అందరికీ తెలిసిందే. 495లో సెర్డిక్, అతని కొడుకు సిన్‌రిక్ ఐదు ఓడలతో దిగారు, 519లో రాజ్యం చేపట్టారు, 530లో దక్షిణ తీరానికి ఎదురుగా ఉన్న వైట్ ద్వీపం గెలిచారు. ఇంత వరసగా ఏళ్లు చెప్పే ఆధారం మరొకటి లేదు, ఆ బలం కాదనలేనిది. కానీ దాన్ని కూర్చింది 9వ శతాబ్దం చివర వెసెక్స్ రాజు ఆల్ఫ్రెడ్ కాలంలో, అంటే దాదాపు నాలుగు వందల ఏళ్ల తర్వాత. పైగా 514 పద్దులో వెస్ట్ శాక్సన్లు సెర్డిక్ దిగిన సెర్డిసెసోరా అనే చోటే, ఈసారి మూడు ఓడలతో, మళ్లీ దిగుతారు. నడుమ సరిగ్గా 19 ఏళ్లు. ఈస్టర్ తేదీలు చూపే పట్టికల చక్రం కూడా అంతే, పూర్వం సంఘటనలను ఆ పట్టికల అంచుల్లోనే రాసేవారు. ఒకే రాక రెండు చోట్ల నమోదైందని అనుమానించక తప్పదు.

నా మటుకు అసలు తగవు తీర్చేది వైట్ ద్వీపం. 731లో ముగించిన చరిత్రలో సన్యాసి బీడ్ ఆ ద్వీపం జ్యూట్లదన్నాడు, అంటే శాక్సన్లు కాని మరో జర్మానిక్ తెగది. దానికి ఎదురుగా ఉన్న తీరంలోని వాళ్లను తన రోజుల్లో కూడా జ్యూట్లనే పిలిచేవారన్నాడు. వెస్ట్ శాక్సన్ రాజు కాడ్‌వల్లా ఆ ద్వీపాన్ని రక్తపాతంతో పట్టుకున్నది 686లో. ఈ సంగతులు బీడ్‌కు అందించినవాడు వించెస్టర్ బిషప్ డేనియల్. ఆ దండయాత్ర జరిగి ఇరవై ఏళ్లు తిరక్కముందే పీఠమెక్కిన మనిషి, పైగా వెస్ట్ శాక్సన్ల సొంత బిషప్. 530లోనే గెలిచిన ద్వీపాన్ని మళ్లీ గెలవడమెందుకు? ద్వీపాన్ని బంధువులైన స్టఫ్, విట్‌గార్‌లకు ఇచ్చేశారని 534 పద్దు సర్దిచెబుతుంది. కొత్తగా పట్టుకున్న తీరానికి పాత హక్కు కల్పించడానికే ఈ కథ పుట్టిందనిపిస్తుంది.

థేమ్స్ వైపు చూస్తే ముక్కలు అతుకుతాయి. వెస్ట్ శాక్సన్లకు పాత పేరు గెవిస్సె అని చెప్పింది బీడే. 635లో బాప్తిస్మం పొందిన వెస్ట్ శాక్సన్ రాజు సినెగిల్స్, నార్తంబ్రియా రాజు ఓస్వాల్డ్‌తో కలిసి బిషప్ బిరినస్‌కు పీఠంగా ఇచ్చింది థేమ్స్ మీది డోర్చెస్టర్‌ను (డోర్సెట్‌లోని ఊరు కాదు). వించెస్టర్ వంతు ఆ తర్వాతే వచ్చింది. డోర్చెస్టర్ పక్కనే డైక్ హిల్స్‌లో 5వ శతాబ్దపు సమాధుల్లో బెల్టు బిళ్లలు దొరికాయి. బెరిన్స్‌ఫీల్డ్, అబింగ్డన్ శ్మశానాలూ తొలినాటివే. లోపం ఒక్కటే: సమాధిలోని బ్రోచ్ రాజు పేరు చెప్పదు.

సెర్డిక్, కాడ్‌వల్లా పేర్లు శాక్సన్లకు ముందునుంచీ అక్కడున్న బ్రిటన్లవి కాబట్టి ఇది స్థానిక దొరల వంశమన్న మూడో వాదం ఉంది. పెళ్లి సంబంధాలకు అది చాలు, రాజ్యం ఎక్కడ పుట్టిందో అది తేల్చదు.

అలాగని సెర్డిక్‌ను తుడిచెయ్యనక్కర్లేదు. రాజుల జాబితాల్లోని పాలనా కాలాలు పట్టుకుని చరిత్రకారుడు డేవిడ్ డమ్‌విల్ కట్టిన లెక్కలో అతని ఏలుబడి 538లో మొదలవుతుంది. ఆ తేదీతో అతణ్ని థేమ్స్ లోయలో ఉంచితే తవ్వకాలతోనూ బీడ్‌తోనూ పేచీ రాదు.