విశాఖ నుంచి మోటోవర్స్‌కి: టికెట్ కన్నా ముందు మంచం చూసుకోండి

దసరా దాటగానే మన బీచ్ రోడ్డులో టీ తాగే బుల్లెట్ గుంపుల్లో ఒకటే చర్చ. నవంబరు చివర్లో బుల్లెట్ల మేళాకి గోవా వెళ్దామా, వద్దా? అంత దూరం బండి తోలితే దక్కేదేమిటి? మేళా బాగుంటుంది. దారి అంతకన్నా బాగుంటుంది. గుండు కొట్టేది బస దగ్గరే. అందుకే ఇందులో సగం బస గొడవే ఉంటుంది.

ముందుగా ఏది ఏదో తెలుసుకుంటే మంచిది. బుల్లెట్ కంపెనీ రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ళ మేళా 'రైడర్ మేనియా' 2023 నుంచి 'మోటోవర్స్' అయింది. ఉత్తర గోవాలో వాగతోర్ కొండ మీద, శుక్ర, శని, ఆదివారాలు మూడు రోజులు జరుగుతుంది. 2013లో మొదలైన 'ఇండియా బైక్ వీక్' వేరు. దానికి అన్ని కంపెనీల బళ్ళూ వస్తాయి, హార్లీల హడావిడి ఎక్కువ. మోటోవర్స్‌కి ఏ బండి మీద వెళ్ళినా రానిస్తారు, కానీ చుట్టూ కనబడేవి తొంభై పాళ్ళు బుల్లెట్ సంతతే. కొత్త బళ్ళ విడుదల కూడా అక్కడే పెట్టుకుంటున్నారు: 2023లో హిమాలయన్ 450 ధర అక్కడే చెప్పారు, 2024లో గోవన్ క్లాసిక్ 350 అక్కడే బయటికొచ్చింది. కేవలం దానికోసమైతే వెళ్ళక్కర్లేదు. వారం తిరిగేలోగా మన షోరూముల్లో సేల్స్ కుర్రాడే ఫొటోలు పంపిస్తాడు.

దారి సంగతి. హైదరాబాదు చుట్టి వెళ్ళే కన్నా గుంటూరు, నంద్యాల, బళ్ళారి, హుబ్బళ్ళి మీదుగా వెళ్ళడమే మేలు. సుమారు 1,270 కిలోమీటర్లు, మూడు పగళ్ళు. మొదటి రోజు గుంటూరు దాకా 390, రెండో రోజు బళ్ళారి దాకా 470, మూడో రోజు మిగతా 410. మొదటి రోజు గురించి చెప్పుకోవడానికి పెద్దగా లేదు, పదహారో నంబరు జాతీయ రహదారి తిన్నగా సాగిపోతుంది. ఒక్క జాగ్రత్త. నవంబరంటే కోతల కాలం. గోదావరి జిల్లాల్లో సర్వీసు రోడ్డు మీద వడ్లు ఆరబోసి, అంచుల వెంబడి రాళ్ళు పేరుస్తారు. పొద్దు గూకాక ఆ రాళ్ళు కనబడవు. తుపాన్లు వచ్చేదీ ఆ నెలలోనే కాబట్టి బయలుదేరే రెండు రోజుల ముందు వాతావరణ శాఖ బులెటిన్ చూడాలి, వాన కోటు సంచి అడుగున కాదు, పైన పెట్టాలి.

రెండో రోజు వినుకొండ, కంభం దాటి గిద్దలూరు చేరాక ట్యాంకు నింపుకోండి. అక్కణ్ణుంచి నంద్యాల వైపు నల్లమల ఘాట్ రోడ్డు. అడవిలో బంకులుండవు, ఫోను సిగ్నలూ అంతంతమాత్రమే. పగటి పూటే దాటాలి. నంద్యాల నుంచి బనగానపల్లె, తాడిపత్రి, గుత్తి మీదుగా బళ్ళారి. మూడో రోజు గదగ్ దగ్గర గాలిమరలు కనబడుతున్నాయంటే పక్కగాలి ఖాయం, సంచులు వెడల్పుగా కట్టినవాళ్ళ బండి ఊగుతుంది. ధార్వాడ దాటి రామనగర్, అక్కణ్ణుంచి అనమోడ్ ఘాట్ దిగితే మోలేం చెక్‌పోస్టు. ఆ ఘాట్‌లో చెట్ల నీడన మలుపులు పొద్దున పూట తడిగా ఉంటాయి. వానాకాలంలో రోడ్డు దెబ్బతిన్న ఏడాదైతే పనులు నడుస్తుంటాయి, ముందే కనుక్కోవాలి.

పెట్రోలు లెక్క తేలికే. 2025లో విశాఖలో లీటరు 108 దాటింది, కర్ణాటకలో 103 చుట్టూ, గోవాలో 97 లోపు. కాబట్టి గుత్తిలో ట్యాంకు నింపడం శుద్ధ దండగ, బళ్ళారి చేరడానికి సరిపోయేంతే పోయించుకోండి. క్లాసిక్ 350 ట్యాంకు 13 లీటర్లు, సామానుతో లీటరుకి 33 ఇస్తే 400 కిలోమీటర్లు వస్తుంది. అయినా 250 దాటకుండా నింపుకుంటూ పోవాలి. రానూ పోనూ, అక్కడి తిరుగుళ్ళతో 2,700 కిలోమీటర్లకి 82 లీటర్లు, అంటే దాదాపు 8,500 రూపాయలు. టోల్ గేట్ల దగ్గర బైకుకి రుసుము లేదు.

దారిలో బళ్ళు ఆగేది ఇంజన్ల వల్ల కాదు, ట్యూబుల వల్ల. ఊచల చక్రాల క్లాసిక్‌కి ట్యూబు టైర్లుంటాయి. ట్యూబ్‌లెస్ పంక్చర్ కిట్టు కొనుక్కుని ధీమాగా బయలుదేరేవాళ్ళకి నడిరోడ్డు మీద అర్థమవుతుంది అది పనికిరాదని. ముందు 19 అంగుళాలది ఒకటి, వెనక 18 అంగుళాలది ఒకటి, రెండు ట్యూబులూ వెంట ఉండాలి. వాటితో పాటు క్లచ్ కేబుల్, క్లచ్, బ్రేకు లివర్లు, స్పార్క్ ప్లగ్గు, ఫ్యూజులు. గుంపు మొత్తానికి ఒక సెట్టు చాలు, కానీ అది ఎవరి సంచిలో ఉందో అందరికీ తెలిసుండాలి, ఆ సంచి ఉన్నవాళ్ళు అందరికన్నా వెనక రావాలి. వాళ్ళు ముందు వెళ్ళిపోతే 40 కిలోమీటర్ల వెనక ఎండలో ఇద్దరు కూర్చుని తిట్టుకుంటుంటారు. చైను ప్రతి 500 కిలోమీటర్లకీ తుడిచి లూబ్ కొట్టాలి. బండి ఆపగానే, చైను వేడిగా ఉండగా కొడితేనే లోపలికి దిగుతుంది. ఇంజను ఆయిలు, బ్రేకు ప్యాడ్లు బయలుదేరే ముందు వారమే చూపించండి, ముందు రోజు కాదు. సర్వీసులో ఏదైనా వదులుగా బిగిస్తే ఆ వారంలో బయటపడుతుంది.

బండిని రైల్లో పంపుదామనుకునేవాళ్ళకో మాట. విశాఖ మీదుగా గోవాలోని వాస్కో వెళ్ళే అమరావతి ఎక్స్‌ప్రెస్ వారానికి నాలుగు రోజులుంది. మనిషికి హాయి, బండికి మాత్రం జూదం. విశాఖ మధ్య స్టేషను. బండి వచ్చేసరికే పార్సిలు బోగీ నిండి ఉండొచ్చు, లేదా ఆ చోటు ఎవరో లీజుకి తీసుకుని ఉండొచ్చు. మీరు శుక్రవారం దిగితే బండి ఆదివారం దిగుతుంది. పెట్రోలు పూర్తిగా తీసేయాలి, గోనె పట్టా ప్యాకింగుకి బయట 500 నుంచి 700 అడుగుతారు, ఆర్‌సీ నకలు, గుర్తింపు కార్డు ఇవ్వాలి, అద్దాలు విప్పి ఇంట్లో పెట్టుకోవాలి. ఇంత చేసే కన్నా ఉత్త చేతులతో రైలెక్కి గోవాలో బుల్లెట్ అద్దెకి తీసుకోవడం నయం. సీజన్లో రోజుకి 1,000 నుంచి 1,500. నల్ల ప్లేటు మీద పసుపు అంకెలున్న బండే తీసుకోండి, మామూలు తెల్ల ప్లేటు బండి అద్దెకిస్తే అది చట్టానికి విరుద్ధం, పట్టుబడితే మీ యాత్ర పోలీసు స్టేషన్లోనే.

మూడో రోజు మధ్యాహ్నం భోజనం గురించి చెప్పకపోతే పాపం. కొప్పళ్, గదగ్ మధ్య 'ఖానావళి' అని బోర్డున్న చోట ఆగండి. పల్చటి జొన్నరొట్టె, ఎణ్ణెగాయి వంకాయ, మొలకల కూర, పచ్చి ఉల్లికాడలు, వేరుశనగ పొడి, గడ్డ పెరుగు. మనిషికి 110 రూపాయలు. వేరుశనగ పొడిలో పెరుగు కలిపి రొట్టె ముంచుకుంటే, అన్నం లేనిదే భోజనం కాదని గుంటూరు నుంచి సణిగే మన కోస్తా వాళ్ళు కూడా మూడో రొట్టె అడుగుతారు. తిన్నాక వెంటనే బండెక్కితే నిద్ర ముంచుకొస్తుంది, అరగంట నడుం వాల్చండి.

ఇక బస. వాగతోర్‌కి దగ్గర్లో ఒక అతిథి గృహం. ఒక గుంపుకి నెల ముందు యాప్‌లో రాత్రికి 1,900 చొప్పున మూడు రాత్రులకి గదులు ఖాయమయ్యాయి, డబ్బు అక్కడే కట్టేలా. శుక్రవారం మధ్యాహ్నం గేటు దగ్గర నిలబడిన మేనేజరు, గదులు లేవు, కావాలంటే 4,800 అన్నాడు. పండగ రేటట. గది తలుపు లోపలివైపు రేట్ల కాగితం అంటించి ఉంది. అందులో 1,800 అంకెని బాల్ పెన్నుతో దిద్దారు. ఒకటిని నాలుగు చేయడానికి రెండు గీతలు చాలు కదా. సిరా ఇంకా నీలంగా మెరుస్తోంది.

మూడు రోజులు బండి తోలి వచ్చినవాళ్ళకి బేరమాడే ఓపిక ఉండదని అతనికి బాగా తెలుసు. ఒకరు హెల్మెట్ కూడా తీయకుండా మెట్ల మీద కూలబడ్డారు. ఇంకొకరు వాస్కో వెళ్ళి రైలెక్కేస్తానన్నారు. భార్యతో వచ్చినాయన పరిస్థితి మరీ ఘోరం, ఆవిడ మాట్లాడ్డం మానేశారు. గంటన్నర వాదిస్తే 3,600కి దిగింది. దానికి దక్కింది: పొద్దున ఏడింటికల్లా ఆగిపోయే నీళ్ళు, మగ్గు లేని స్నానాల గది, బళ్ళు పెట్టుకోవడానికి గేటు బయట వాలు రోడ్డు.

ఇది ఒక్క ఇంటి కథ కాదు, పద్ధతే అంత. 'అక్కడే చెల్లింపు' బుకింగులో మీ పైసా వాళ్ళ దగ్గర ఉండదు, కాబట్టి ఎక్కువిచ్చేవాడు దొరికితే మిమ్మల్ని వదిలేయడానికి వాళ్ళకి నొప్పి లేదు. అందుకే మొత్తం ముందే కట్టే బుకింగే చేయండి. వారం ముందు యజమానికే ఫోన్ చేసి, తేదీలు, రేటు, ఎన్ని బళ్ళు, గేటు లోపల చోటుందా అన్నవి వాట్సాప్‌లో రాసి పంపమనండి. రాయనన్నాడంటే అర్థమైపోయినట్టే. అక్కడికెళ్ళాక మాట మారిస్తే గేటు దాటి బయటికి రాకుండా, అతని ముందే యాప్ సహాయ నంబరుకి ఫోన్ చేసి వేరే గది చూపమని అడగండి. బయటికొచ్చి ఫోన్ చేస్తే మీరే రాలేదని రాసేస్తారు.

అసలు వాగతోర్, అంజునాల్లో దిగకపోవడమే ఉత్తమం. తొమ్మిది, పది కిలోమీటర్ల దూరంలో మాపుసా ఉంది. మామూలు ఊరు, మామూలు లాడ్జీలు, తెల్లవారుజామున టీ దొరుకుతుంది, మెకానిక్కులు నడిచెళ్ళే దూరంలో ఉంటారు. రేట్లు సగానికి సగం. ఒకే ఇబ్బంది, శుక్రవారం అక్కడ పెద్ద సంత. మేళా మొదలయ్యేదీ శుక్రవారమే కాబట్టి గురువారం రాత్రి దారిలోనే ఎక్కడో పడుకుని, శుక్రవారం పదకొండు లోపు ఊళ్ళోకి దూరిపోవాలి, లేదంటే క్లచ్చు మీద గంటసేపు పాకాలి.

మేళాలో డబ్బుకి తగ్గ విలువ ఎక్కడుందంటే, పగటి పూట. డర్ట్ ట్రాక్ (మట్టి బాట మీద తోలడం), హిల్ క్లైంబ్ (బండితో గుట్ట ఎక్కడం) చూడ్డానికే కాదు, చేయడానికి వెళ్ళండి. మొదటి పొద్దునే పేరు రాయించుకోవాలి, మధ్యాహ్నానికి జాబితా నిండుతుంది. చీలమండ దాటిన బూట్లు, మోకాలి కవచాలు, గ్లవ్స్ లేకపోతే ట్రాక్ మీదికి రానివ్వరు. రోడ్డు బూట్లతో వెళ్ళి తాడు బయట నిలబడి చూసేవాళ్ళే ఎక్కువ. రెండోది, జనం తమ చేతులతో మార్చుకున్న బళ్ళు. ట్యాంకు వెల్డింగు దగ్గర నుంచి సైలెన్సర్ వంపు దాకా ఎలా చేశారో అడిగితే ఓపిగ్గా చెప్తారు. మన గాజువాక వర్క్‌షాపుల కుర్రాళ్ళు ఒకసారి చూడాల్సింది ఇదే. రాత్రి పాటల వేదిక ఉంటుంది. పాటలకే అయితే 1,270 కిలోమీటర్లు అక్కర్లేదు, ఆర్‌కే బీచ్‌లో ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది.

లోపల తిండి ఖరీదు, వరసలు పొడుగు. జనం ఎక్కువైతే ఫోన్లు మొరాయిస్తాయి, యూపీఐ పని చేయదు. రెండు వేలు నగదు జేబులో ఉండాలి. రాత్రికి రోడ్డు పక్క బండి మీద దొరికే రోస్ ఆమ్లెట్, పావ్ తినండి. కోడికూర పులుసులో ములిగిన ఆమ్లెట్ అది, లోపలి బర్గర్ల కన్నా వెయ్యి రెట్లు నయం.

పోలీసులు హెల్మెట్, బీమా, పొల్యూషన్ సర్టిఫికెట్ చూస్తారు. డిజీలాకర్‌లో చూపిస్తే చెల్లుతుంది, గ్యాలరీలో ఫొటో చెల్లదు. మోత సైలెన్సర్‌కి చట్ట ప్రకారం పది వేల దాకా జరిమానా, లైసెన్సు మూడు నెలలు పోతుంది. తాగి నడిపినా పది వేలే. కంపెనీ సైలెన్సర్ బిగించుకుని వెళ్ళండి.

మొత్తం ఖర్చు, గది ఇద్దరు పంచుకుంటే: పెట్రోలు 8,500, దారి బసలు 2,400, గోవాలో మూడు రాత్రులు మాపుసాలో 2,700 (పైన చెప్పినలాంటి చోటైతే 5,400), తిండి 4,500, టికెట్టుకి 3,000, బండి సర్వీసుకి 1,500. వెరసి 22,600. తొమ్మిది రోజుల సెలవు.

ఇదే డబ్బులో నాలుగో వంతుతో అరకు, పాడేరు, లంబసింగి తిరిగి రావచ్చు. నవంబరు చివర వలిసె పూలు, వంజంగి మబ్బులు చూస్తే గోవా కొండ ఏపాటి? ప్రకృతి కోసమైతే అరకే. ఇంట్లోవాళ్ళతో అయినా అరకే, వెనక సీటు మీద రోజుకి 400 కిలోమీటర్లు కూర్చోబెట్టడం న్యాయం కాదు. ఇంతకు ముందు ఒక రోజులో 300 దాటి తోలనివాళ్ళు ఈ ఏడాదికి ఆగండి. ట్రాక్ మీద దిగే ఉద్దేశం ఉండి, తోడు ముగ్గురు నలుగురు ఉంటే మాత్రం ఒకసారి తప్పకుండా వెళ్ళాలి. రెండోసారి అక్కర్లేదు.

ఆదివారం రాత్రి చివరిదాకా ఉండిపోయి, సోమవారం నిద్ర మత్తులో అనమోడ్ ఎక్కేవాళ్ళతో కలిసి బయలుదేరకండి. ఆదివారం సాయంత్రమే మాపుసాలో బండి కడిగించండి. ఆ ఎర్రదుమ్ము చైను లూబ్‌తో కలిస్తే ఉప్పు కాగితంలా పళ్ళచక్రాన్ని అరగదీస్తుంది. ఎయిర్ ఫిల్టర్ విప్పి దులపమనండి, వెనక బ్రేకు ప్యాడ్లు చూడమనండి. రెండు వందలిస్తే చేస్తారు.