కారు ఇంజన్ నీలం పొగ వదిలితే రింగులు మారిస్తే చాలా, బోరింగ్ కొట్టించాలా?

మా మారుతి 800, 796 సీసీ, మూడు సిలిండర్లు, తిరుమల ఘాట్ ఎక్కేటప్పుడు వెనకాల ఒకటే నీలం పొగ, అంటే ఇంజన్ ఆయిల్ కాలుతా ఉన్నట్టు. మొదటిసారి ఇంట్లోనే విప్పి పిస్టన్ రింగులు మాత్రం మార్చినా, ఖర్చు తక్కువ, రెండు ఆదివారాల్లో అయిపోయింది, కానీ బోర్ (పిస్టన్ ఆడే సిలిండర్ రంధ్రం) పైఅంచులో గోరుకి గట్టు తగులుతా ఉన్నా పట్టించుకోలేదు, ఆ గట్టే అరుగుదలకి గుర్తు, గుండ్రం పోయిన బోర్లో కొత్త రింగ్ సరిగ్గా కూర్చోదు, కొన్నాళ్లకే మళ్లీ ఆయిల్ తాగడం మొదలుపెట్టింది.

రెండోసారి ఇంజన్ దించి, బ్లాక్ తిరుపతి లేత్ షాపుకి తీస్కపోయి బోరింగ్ కొట్టించి, అంటే అరిగిన బోర్‌ని గుండ్రంగా కాస్త పెద్దది చేయించి, దానికి సరిపడే 0.50 ఎంఎం ఓవర్‌సైజ్ పిస్టన్లు వేసినా. డబ్బు, పని రెండూ ఎక్కువే, పొగ మాత్రం పూర్తిగా పోయింది. పిస్టన్లు ముందే కొని, వాటిని కొలిచి బోర్ కొట్టమని చెప్పండి, ఇది చాలా ముఖ్యం.

గోరు తగలకుండా, కొలతలు లిమిట్‌లో ఉంటే రింగులు చాలు, తగిలితే నేరుగా బోరింగే. ఏది చేసినా హెడ్ బోల్టులు నడిమి నుంచి బయటికి, బిగింపు బలం కొలిచే టార్క్ రెంచితోనే బిగించండి.